దుష్యంతుని చిత్రఫలకము – ఫిలింనగరు కళాశాఖ

అభిజ్ఞానశాకుంతల షష్ఠాంకమున దుష్యంతుడు స్వహస్తముతో లిఖించిన శకుంతల చిత్రమును చతురిక తెచ్చి చూపు ఘట్టము పాఠశాలలలోను ప్రాచ్యకళాశాలలలోను తరతరములుగా పఠింపబడుచున్నది. అందలి విప్రలంభమునకు, విదూషకుని హాస్యమునకు, చిత్రమందలి తుమ్మెదను నిజమైన తుమ్మెదగా భావించి రాజు దండింపబోవు చిత్తవిభ్రమమునకు అధ్యాపకులు కావలసినంత వ్యాఖ్యానము చేయుదురు. కాని ఆ ఘట్టముననే కాళిదాసు పలికించిన ఒక చిన్న మాటపై నిలుచువారు అరుదు. రేఖల అంచులయందు చెమర్చిన వ్రేళ్ల మరకలు కలవనియు, శకుంతల చెక్కిలిమీద పడిన తన కన్నీటిబొట్టు అక్కడి రంగు ఉబ్బుటచేత తెలియవచ్చుచున్నదనియు రాజు చెప్పుచున్నాడు. సాధారణముగా దీనిని అనురాగచిహ్నమని ఒక్క మాటలో చెప్పి తరువాతి శ్లోకమునకు పోవుదురు. అది అనురాగచిహ్నమే, కాని ఆ చిత్రము దేనితో వ్రాయబడినదో తెలుపు సాక్ష్యము కూడ.

ఈ చోట ముద్రితప్రతులలో ‘వర్తికా’ అనియు ‘వర్ణికా’ అనియు రెండు పాఠములు కనబడును. వర్తిక గీయు కడ్డీ, వర్ణిక రంగు. కన్నీటికి ఉబ్బునది ఏది? ఈ ప్రశ్నకు కోశములు తిరుగవేయుటకంటె ఒక చిత్రకారుని యెదుట గడియసేపు కూర్చుండుట మేలు. తుమ్మజిగురుతో గాని, తోలు కాచి తీసిన వజ్రలేపముతో గాని కలిపిన రంగు ఆరిన పిదప కూడ నీటిని పీల్చుకొనును. బొట్టు పడినచోట జిగురు నాని రంగు పొంగును. ఆరినప్పుడు చుట్టును సన్నని గట్టువలె మిగులును. పొడికడ్డీతో గీచిన గీతపై నీరు పడినచో గీత చెదరును గాని ఉబ్బదు. ఇక నూనెరంగుపై పడిన నీటిబొట్టు తామరాకుమీది నీటివలె జారిపోవును. కావున ఆ చోట వర్ణికాపాఠమే వస్తుస్థితికి తగియున్నది. శబ్దశాస్త్రమున పరిశ్రమించిన వారు తేల్చలేని పాఠనిర్ణయమును చిప్పలో రంగు కలుపువాడు నిమిషములో తేల్చగలుగుట గమనింపదగిన విషయము.

దుష్యంతుని చిత్రము నూనెరంగుల చిత్రము కాదని చెప్పుటకు ఇంత ఉపపత్తి యేల యని అడుగవచ్చును. కారణము కలదు. నేటి తెలుగువాని మనస్సులో పూర్వకాలపు చిత్రలేఖన మనగానే కలుగు రూపము రవివర్మ ఇచ్చినది. రవివర్మ (1848–1906) ఐరోపా పద్ధతిలో నూనెరంగులతో పౌరాణిక స్త్రీలను చిత్రించినాడు. 1894లో బొంబాయిలో నెలకొల్పిన ముద్రణాలయము మూలమున ఆ బొమ్మలు ఇంటింటి గోడలకు ఎక్కినవి. నాటకసమాజముల తెరలకును, తరువాత చలనచిత్రములకును అవియే మాతృకలైనవి. రవివర్మ ప్రతిభను కాదనుట కాదు. కాని అతడు చిత్రించిన శకుంతల వేరు, దుష్యంతుడు చిత్రించిన శకుంతల వేరు. తెరమీద ప్రాచీనకాలపు రాజు గాని రాజకుమారి గాని బొమ్మ వ్రాయవలసివచ్చినప్పుడు ముక్కాలిపీటకు బిగించిన పెద్ద గుడ్డ, బొటనవ్రేలికి తగిలించిన రంగులపలక, నిలుచుండి దూరమునుండి కుంచె ఊపు భంగిమ – ఇవి వచ్చుచుండుట ఆ మాతృకల ఫలమే. సంస్కృతనాటకములలో చెప్పబడినది ఫలకము. చేతికి ఇముడునది, ఒకరినుండి ఒకరు దాచుకొనగలది. రత్నావళిలో సాగరిక ఉదయనుని వ్రాసినది అట్టి ఫలకముపైననే. సుసంగత వచ్చి అదే ఫలకముపై ప్రక్కన ఆమె రూపమును చేర్చగలిగినది. పరిమాణమునకును పరికరములకును చూచినచో దీనికి దగ్గరి బంధువు కాగితముపై వ్రాయబడు సూక్ష్మచిత్రము గాని, నిలువెత్తు గుడ్డపటము గాదు.

శాకుంతలకథ తెలుగున చలనచిత్రమగుట కొత్త కాదు. పరిశ్రమ మదరాసున నున్న కాలమున, 1966లో, కమలాకర కామేశ్వరరావు దర్శకత్వమున ‘శకుంతల’ వచ్చినది. పరిశ్రమ హైదరాబాదునకు తరలి స్థిరపడిన పిదప 2023లో గుణశేఖర్ ‘శాకుంతలం’ తీసినాడు. వాని గుణదోషవిచారము ఇక్కడ ప్రస్తుతము కాదు. ఒక కథను యాభైయేడేండ్ల యెడముతో రెండుమారులు తెరకెక్కించిన పరిశ్రమ మూడవమారు కూడ ఎక్కింపగలదు. ఆనాటికి పండితుల చేతిలో దానికి అందింపదగిన సామగ్రి ఏమి కలదన్నదే ప్రశ్న.

అక్కినేని నాగేశ్వరరావు 1976లో అన్నపూర్ణ స్టూడియోను ఆరంభించునాటికి ఆ ప్రాంతమంతయు బండరాళ్ల గుట్ట. 1989లో రామానాయుడు స్టూడియో వచ్చుటతో జూబిలీహిల్సు ఆవలి గుట్టలు నిజముగా ఫిలింనగరు అయినవి. ఇప్పుడు అక్కడ పండితునికి చోటు లేకపోలేదు. ముహూర్తపు పూజకు పిలుతురు. సంభాషణలలో సంస్కృతసమాసము సరిచూచుటకు పిలుతురు. యజ్ఞఘట్టమున మంత్రము తప్పు పోకుండుటకు పిలుతురు. కాని ఏ రంగు దేనితో కలిపిరి, కుంచె ఎట్లుండెడిది, చిత్రకారుడు ఎట్లు కూర్చుండెడివాడు అని అడుగుటకు పిలుచుట అరుదు. పిలిచినను చెప్పగలవారు ఎందరన్నది వేరు విషయము. కాబట్టి తప్పు ఫిలింనగరుది మాత్రమే యనుట న్యాయము కాదు. కామసూత్రమునకు యశోధరుని వ్యాఖ్యలో వచ్చు చిత్రషడంగములను – రూపభేదము మొదలుకొని వర్ణికాభంగము వరకు – వరుసగా ఏకరువు పెట్టగల విద్వాంసులు ఎందరో కలరు. ఆ వర్ణికాభంగము నూరునపుడు ఇంగిలీకము ఎట్లు ప్రవర్తించునో, హరిదళము ఎట్లు ప్రవర్తించునో ఎరిగినవారు ఎందరు?

ఎరుగుటకు గ్రంథములు లేవా యన్నచో, లేకేమి. విష్ణుధర్మోత్తర తృతీయఖండమందలి చిత్రసూత్రమును స్టెల్లా క్రామ్రిష్ 1920లలోనే ఆంగ్లీకరించినది. ప్రియబాల షా పరిష్కరించిన ప్రతి 1958లో బరోడానుండి వెలువడినది. శివరామమూర్తిగారి గ్రంథము 1978లో వచ్చినది. కాని తెలుగువారికి మరింత దగ్గరిది మానసోల్లాసము. అభిలషితార్థచింతామణి యని దానికి నామాంతరము. కల్యాణి రాజధానిగా పండ్రెండవ శతాబ్ది పూర్వార్ధమున ఏలిన చాళుక్య సోమేశ్వరుని పేర వెలసిన గ్రంథమిది. కొలనుపాక మొదలగు నేటి తెలంగాణ ప్రాంతములు ఆ రాజ్యములోనివే. అందలి ఆలేఖ్యకర్మప్రకరణము కవితాశోభ కొరకు చదువదగినది కాదు. పనివాని కొరకు వ్రాసినది. ఎనుబోతు తోలును నీట ఉడికించి వెన్నవలె మెత్తబడిన పిదప కడ్డీలుగా చేసి ఎండబెట్టి, కావలసినపుడు మట్టిపాత్రలో వేడినీట కరగించి రంగులలో కలుపవలెను; అదియే వజ్రలేపము. కాటుకను అన్నపుమెతుకులతో మెదిపి వత్తిగా చేసినది వర్తిక. వెదురుపుల్ల కొనకు రాగిమొన తొడిగినది తిందుకము. దూడ చెవిరోమములను లక్కతో బిగించినది కుంచె. అది స్థూలము, మధ్యమము, సూక్ష్మము అని మూడు తెరగులు. బంగారుపూతను పందికోరతో రుద్ది మెరుగుపెట్టవలెను. ఇది చదివినవాడు వెంటనే వంటయింటిలోనికి పోయి పిడికెడు అన్నముతో కాటుకవత్తి చేసి చూడవలెనని అనిపించును. కాని పాఠశాలా సంప్రదాయములో అట్టి కుతూహలమునకు మార్కులు లేవు.

సూక్ష్మచిత్రకారుల కార్ఖానాలలో నేటికిని నిలిచిన పద్ధతి దీని ప్రక్కన పెట్టి చూడదగినది. కాగితములను కొన్ని పొరలుగా మైదాజిగురుతో అతికి, పురుగు పట్టకుండ అందులో మైలతుత్తము కలిపి, అకీకురాతితో నునుపు చేసినది ‘వస్లీ’. దానిపై సన్నని గీతతో ఆకృతి వ్రాసి, పలుచని తెలుపు పూసి, ఆ తెలుపులోనుండి లీలగా కనబడు గీతను మరల సరిదిద్ది, అటుపిమ్మట రంగులు పొరపొరగా నింపుదురు. కాగితమును బోర్లించి వెనుకవైపునుండి రాతితో రుద్దుదురు; దానిచేత రంగు కాగితములో ఒదిగి పింగాణివలె మెరయును. రంగులు ముత్యపుచిప్పలవంటి చిప్పలలో నుండును. కుంచె ఉడుత తోకవెండ్రుకలది, పావురపు ఈకకాడలో అమర్చినది. చిత్రకారుడు నేలపై కూర్చుండి, ఎత్తిన మోకాలిమీద పలక ఆనించి, కుంచెను ఇంచుమించు నిలువుగా పట్టుకొనును. రంగులన్నియు నిండిన పిదప మొదటి గీతలు కప్పబడిపోవును. బొమ్మ రంగురంగుల మచ్చలవలె నిద్రించును. అప్పుడు కడపట సన్నని కుంచెతో కనురెప్ప, పెదవి, వ్రేలు, వస్త్రపుటంచు – అన్నిటి రేఖలను మరల తీయుదురు. ఉత్తరాది కార్ఖానాలలో ఈ తుదిపనికి ‘ఖులాయీ’ యని పేరు. తెరచుట యని దాని యర్థము.

ఈ ఒక్క మాట తెలిసిన పిదప కుమారసంభవ ప్రథమసర్గము చదివినచో అర్థము మారును. యౌవనము వచ్చిన పార్వతి శరీరమును కాళిదాసు కుంచెచేత ‘ఉన్మీలిత’మైన చిత్రముతోను, సూర్యకిరణములచేత వికసించిన పద్మముతోను పోల్చినాడు. పాఠము చెప్పునపుడు ఉన్మీలితమనగా ప్రకాశింపజేయబడినదనియో, రంగులు వేయబడినదనియో చెప్పి ముందుకు సాగుట పరిపాటి. ఆ వ్యాఖ్యయే చాలినచో పద్మోపమానము ప్రక్కన ఎందుకు వచ్చినది? పద్మము సూర్యునిచేత కొత్తగా పుట్టుట లేదు. మొగ్గలో నున్నదే విచ్చుకొనుచున్నది. రంగుల క్రింద దాగిన రూపమును తుదిరేఖ తెరచినట్లు, బాల్యమున అంతర్హితమై యున్న అవయవసౌష్ఠవమును యౌవనము తెరచినది. ఉపమానములు రెండును ఒకే వ్యాపారమును చెప్పుచున్నవి. విగ్రహప్రతిష్ఠలో కడపట జరుగు నేత్రోన్మీలనము ఎరుగని అధ్యాపకుడు ఉండడు. అదే శబ్దము చిత్రకారుని పనిలో ఏ దశను చెప్పునో తెలియకపోవుటచేత ఉపమ సగమే అందుచున్నది. మల్లినాథసూరి కొలిచెలమ మెతుకుసీమలోనిది. ఆయన వ్యాఖ్యలు చదివి బ్రతుకు విద్వాంసులు ఆ సీమకు కూతవేటు దూరమున నున్న చేర్యాలలో నకాషీలు పటము ఎట్లు వ్రాయుదురో ఒక్కమారైనను చూచియుండవలదా?

చేర్యాల పటము సూక్ష్మచిత్రము గాదు. కథ చెప్పుటకై వ్రాయు పొడవైన గుడ్డపటము. కాని గుడ్డకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పట్టించి భూమికను సిద్ధముచేయు విధానమును చూచినవారికి మానసోల్లాసములోని భూమికాసంస్కారము పుస్తకపు మాటగా మిగులదు. శ్రీకాళహస్తి కలంకారీ పనివారు చింతబరికలను కాల్చి బొగ్గుకడ్డీలు చేసి వానితో మొదటి గీత గీయుదురు. వర్తిక నేటికిని తెలుగునాట బ్రతికియున్నది. దానికి ఆ పేరు లేదంతే.

ఫిలింనగరు గుట్టలనుండి చూపుమేరలో గోలకొండ కలదు. ఆ కోటనేలిన కుతుబ్‌షాహీల కాలమున సచిత్రగ్రంథములు వెలసినవి. మహమ్మదు కులీ కుతుబ్‌షా కావ్యసంపుటియొక్క చిత్రాలంకృత ప్రతి సాలార్‌జంగు మ్యూజియమున నున్నది. ఆ రాజ్యము పోయిన పిదప ఈ విద్య సంస్థానములకు చేరినది. ఇది ప్రాచ్యకళాశాలలవారు విశేషించి తలచుకొనవలసిన సంగతి. గద్వాలను ‘విద్వద్గద్వాల’ యని కీర్తించుట అందరకును తెలియును. వనపర్తి ఆస్థానమున జరిగిన పండితసత్కారములను గూర్చి కథలు కథలుగా చెప్పుకొందురు. ఆ రెండు సంస్థానములలోను, శోరాపురములోను దక్కనీ పద్ధతి చిత్రలేఖనము సాగినదని 1963లో ‘మార్గ్’ పత్రికలో విపులముగా వ్రాసినది తెలుగు పండితుడు కాదు. ఝాన్సీలో పుట్టి, శాంతినికేతనమున చిత్రకళ నేర్చి, హైదరాబాదున స్థిరపడిన జగదీశ్ మిత్తల్. ఆంధ్ర రామాయణచిత్రములపై 1969లో పుస్తకము వ్రాసినదియు ఆయనయే. 1976లో భార్య కమలతో కూడి తమ సేకరణమును ధర్మసంస్థగా చేసి మ్యూజియముగా నిలిపినాడు. ఆయన స్వయముగా కుంచె పట్టినవాడగుటచేత చిత్రమును పలుకు, పొర, మెరుగు ఇట్లు విడదీసి చూడగలిగినాడు. 2025 జనవరిలో, నూరేండ్లు నిండుటకు కొద్ది మాసములు ముందుగా కాలధర్మము చెందినాడు. ఆయన ఉన్నన్నినాళ్లు నగరమందలి సంస్కృతాధ్యాపకులు ఆలేఖ్యకర్మప్రకరణమును చేతబట్టుకొని దోమలగూడకు పోయి, ఈ మాటకు వస్తువేది యని అడిగియుండినచో తెలుగున ఒక మంచి వ్యాఖ్య వెలసియుండెడిది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరము. సూక్ష్మచిత్రవిద్య యంతయు చిత్రసూత్రమునుండి వచ్చినదేయని, ‘అన్నియు మన శాస్త్రములలోనే కల’వని చెప్పు ఉత్సాహము పండితవర్గమున కద్దు. అది సత్యమునకు దూరము. శాస్త్రములు ప్రధానముగా గోడను, ఫలకమును, పటమును ఉద్దేశించినవి. వస్లీకాగితము, అకీకు మెరుగు, ఖాకా తీయు పద్ధతి పారసీక సంప్రదాయముతో కూడి వచ్చినవి. ఆ పేర్లే సాక్ష్యము. దక్కనులో రెండు ప్రవాహములు కలిసినవి. ఏది ఏ వైపునుండి వచ్చినదో విడదీయవలెనన్నచో వస్తుజ్ఞానము మరింత అవసరమగును గాని అక్కరలేకుండ పోదు. పార్సీపదములు వినగానే ముఖము త్రిప్పుకొను విద్వాంసునికి ఉన్మీలనమునకు సరియైన అర్థము చెప్పినది ఖులాయీ యను హిందీపదమేనని గుర్తుచేయవలసియున్నది.

ఈ కలయికకు ఫిలింనగరు ఎందుకు? ఈ కాలమున పనిచేతివారిని, రంగును, వడ్రంగమును, మూసపోతను ఒక్కచోట పెట్టుకొని, వస్తువును ఊహించుటతో ఆగక మరునాటి యుదయమునకు చేసి నిలుపు స్థలము అదియొక్కటే కాబట్టి. కృష్ణానగరు సందులలో కాపురముండి సెట్టుపనికి పోవు పెయింటర్లలో పెద్దవారు కొందరు ఒకప్పుడు సినిమా హోర్డింగులు వ్రాసినవారు. 2000 తరువాత ఫ్లెక్సు ముద్రణ వచ్చి ఆ పని పోయినది. గళ్లు గీచి చిన్నబొమ్మను పెద్దది చేయుట వారికి కరతలామలకము. పండితుడు ప్రమాణాధ్యాయమున తాళమానము చెప్పుచుండగా వారు దానిని చేతితో చేసి చూపగలరు. పాఠశాలలో లేనిది వారి చేతిలో నున్నది. వారికి తెలియని పేర్లు పాఠశాలలో నున్నవి.

కళాదర్శకులు చెప్పు సమాధానము ఊహింపదగినదే. కాలము లేదు, వ్యయము పెరుగును, ఇంతలేసి సూక్ష్మములు ప్రేక్షకుడు గమనించునా యందురు. మొదటి రెండును నిజములే. మూడవది నిజము కాదు. 1957లో ‘మాయాబజార్’కు గోఖలే, కళాధర్ సమకూర్చిన రూపకల్పన తరువాతి తరములకు ద్వాపరయుగమే యైపోయినది. తెలుగువాని పురాణకాలము తెరమీదనే నిర్మింపబడినది. ఆ తెరమీద దుష్యంతుడు గుడ్డపై నూనెరంగు పూసినచో విద్యార్థి ఆ దృశ్యమునే మనస్సున నిలుపుకొని తరగతికి వచ్చును. కన్నీటికి రంగు ఎట్లు ఉబ్బినదో అతనికి ఎన్నటికిని బోధపడదు. అదీగాక సూక్ష్మచిత్రము ముఖమునకు దగ్గరగా పట్టుకొని చూడవలసినది. క్లోజప్పునకు ఇంతకంటె అనువైన వస్తువు వేరొకటి లేదు. నటుని చేతికి బదులు చిత్రకారుని చేతిని చూపుట ఆ పరిశ్రమకు నిత్యకృత్యమే.

ప్రాచ్యకళాశాలలకు విద్యార్థులు తగ్గుచున్న యీ రోజులలో కొత్త పాఠ్యాంశము కోరుట సాహసమే. అయినను ఆలేఖ్యకర్మప్రకరణమును ఒక్కదానినైనను పాఠముగా పెట్టి, ఒక అధ్యాపకుడు, ఒక నకాషీ, ఒక సెట్టుపెయింటరు ముగ్గురును కలిసి పదపట్టిక తయారుచేయవచ్చును. సంస్కృతపదము, పనివాని మాట, ప్రక్కన ఆ వస్తువే – ఇంగిలీకమైనచో ఇంగిలీకపు మరక, వజ్రలేపమైనచో దాని పూత. ప్రతి ఒకటి కళాశాలలో, మరియొకటి ఫిలింనగరు కళాశాఖలో ఉండవలెను. ఆ పట్టికలో మొదట ఎక్కవలసిన పదము వర్తికయే. చిత్రములో ఇంకను వ్రాయవలసినవి మిగిలియున్నవి: మాలినీనది, ఇసుకతిన్నెపై హంసలజంట, హిమవంతపు పాదములందలి లేళ్లు, నారచీరలు వ్రేలాడు చెట్టు. వానికొరకు రాజు వర్తిక తెమ్మని చతురికను పంపినాడు. గీత ఇంకను పడలేదు గనుక మొదట కావలసినది కుంచె కాదు, నల్లని కడ్డీ. కాని ఆమె తెచ్చుచుండగా రాణి వసుమతి త్రోవలో లాగికొన్నది ఒక కడ్డీని కాదు, వర్తికాకరండమును. అనగా ఒక పెట్టెను. అందు నల్లనివి మాత్రమే యుండెనా, రంగుకడ్డీలును కుంచెలును కూడ నుండెనా యన్నది వ్యాఖ్యలతో తేలునది కాదు. ఫిలింనగరులో ఒక వడ్రంగిచేత ఆ పెట్టెను చేయించి, సోమేశ్వరుడు చెప్పిన క్రమమున నింపి, ఏ అర ఖాళీగా మిగులునో చూడవలసియున్నది.